ఎడమకి లాగే స్టిక్

"వదినా, మీరు ట్యాంకర్ నడపండి, చాలు" అని కెప్టెన్ అన్నప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

ట్యాంకర్ అంటే యుద్ధ విమానాలకి గాల్లోనే ఇంధనం పోసే పెద్ద విమానం. కంప్యూటర్ ఆటే అయినా దాని పని దానిదే. ఒకే ఎత్తులో, ఒకే వేగంతో, గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ ఉండాలి. మగాళ్ళు నలుగురూ ఎక్కడో కాల్చుకుని, పేల్చుకుని, ఆయాసపడుతూ వచ్చి, వెనకాల తగులుకుని, కడుపునిండా తాగి, థాంక్స్ వదినా అని చెప్పి చక్కా పోతారు. రెండేళ్ళుగా ఆవిడ చేస్తున్నది ఇదే. మరిది దానికి పెట్రోలు బంకు అని పేరు కూడా పెట్టాడు. ఆ గుంపులో అందరికీ పేర్లున్నాయి మరి. కెప్టెన్ గద్ద, ఆవిడ మొగుడు సుడిగాలి, మరిది తారాజువ్వ. ఆవిడ ఒక్కతే ఉత్త వదిన. అందరూ అలాగే పిలుస్తున్నప్పుడు మనం మాత్రం ఏం చేస్తాం, అలాగే పిలుద్దాం.

నాలుగోవాడికి కవలలు పుట్టారు. పాపం, స్టిక్ పట్టుకోవాల్సిన రెండు చేతుల్లోనూ పాలసీసాలు వచ్చి పడ్డాయి. ఆదివారం ఇంకో గుంపుతో పోటీ ఉంది. నలుగురు కావాలి, ముగ్గురే ఉన్నారు. బుధవారం సాయంత్రం అందరూ మైకుల ముందు తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు వదిన గొంతు సవరించుకుని, "నేను వస్తా" అంది.



"ఫైటర్‌లోనా?" అన్నాడు కెప్టెన్.

"కాదు, బంకులో. ఫైటర్‌లోనే కెప్టెన్ గారూ."

కెప్టెన్ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాడు. నిజం విమానం ఎక్కితే ఎక్కాడేమో గానీ కిటికీ పక్క సీటు దాటి ముందుకెళ్ళిన పాపాన పోలేదు. అయినా మైకు పెట్టుకుంటే చాలు, ఆయన గొంతులోకి ఎక్కడలేని గాంభీర్యం వచ్చేస్తుంది. "మా బామ్మర్ది కూడా అడుగుతున్నాడు వదినా. న్యాయంగా చేద్దాం. ఇద్దరికీ పరీక్ష. ఒకే సీటు, ఒకే స్టిక్, ఒకే హెడ్‌సెట్. ఇంక ఎవరూ ఏమీ అనడానికి ఉండదు."

ఆ ఒకే సీటు వదిన వాళ్ళింట్లోనే ఉంది. గుంపు మొత్తంలో అంత మంచిది ఎవరికీ లేదు. హాల్లో కిటికీ పక్కన పాత కారు సీటు ఒకటి బిగించి, మోకాళ్ళ మధ్య విమానాన్ని అటూ ఇటూ తిప్పే స్టిక్, ఎడమచేతికి వేగం పెంచే థ్రాటిల్, కింద పెడల్స్, కొక్కేనికి వేలాడుతూ కళ్ళకి తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్. మొగుడు దానికి రోజూ మెత్తటి బట్టతో దుమ్ము తుడుస్తాడు. ఇంట్లో ఇంకే వస్తువుకీ ఆ భాగ్యం లేదు. వదినది అదే హాల్లో ఇంకో మూల, ఇస్త్రీ బల్ల పక్కన చిన్న టేబుల్. దాని మీద ఉన్నవన్నీ ఆయన వాడి వదిలేసినవే. పాత మానిటర్, పాత థ్రాటిల్, పాత స్టిక్. ఆయన కొత్తది కొన్నప్పుడల్లా పాతది తీసుకొచ్చి అక్కడ పెట్టి, "ఇది నువ్వు తీసుకో, నీకు చాలు" అంటాడు. మంచివాడే. ప్రేమగానే అంటాడు. అదే ఆవిడకి ఇంకా కడుపు మంట.

గురువారం సాయంత్రం పరీక్ష. కెప్టెన్ తన ఇంటి నుంచి ఎగురుతున్నాడు, గొంతు మాత్రం స్పీకర్లో వినిపిస్తోంది. బామ్మర్ది మనిషే వచ్చేశాడు. కొత్త బూట్లు, కొత్త గడియారం, ఇంట్లో అట్టపెట్టెలు కూడా విప్పని విమానాల ఆట సామాను. మరిది చేతిలో ఫోను పట్టుకుని సినిమా చూడ్డానికి వచ్చినవాడిలా సోఫాలో సర్దుకున్నాడు.

ముందు వదిన కూర్చుంది. హెడ్‌సెట్ పెట్టుకోగానే కాక్‌పిట్ రెండుగా కనిపించింది. రెండు గడియారాలు, రెండు రన్‌వేలు. ఆవిడకి అదేమిటో వెంటనే తెలిసిపోయింది. ఆవిడ పని కళ్ళజోళ్ళ షాపులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం ముఖాల మీద స్కేలు పెట్టి, కంటిపాపకీ కంటిపాపకీ మధ్య దూరం కొలవడమే పని. మొగుడి ముఖం వెడల్పు, కళ్ళు దూరం. హెడ్‌సెట్ లోపలి అద్దాలు ఆయన కళ్ళకి సరిపోయేలా ఉన్నాయి. చెయ్యి పైకెత్తి అద్దాల మరని తడుముకుంది.

"దాన్ని తిప్పకే తల్లీ!" అని మొగుడు కేక పెట్టాడు. "అది కుదరడానికి నాకు వారం పట్టింది."

"నాకు రెండుగా కనిపిస్తోంది."

"ఐదు నిమిషాలే కదా, సర్దుకో."

సర్దుకుంది. ఆవిడ సర్దుకోని రోజేది కనక.

పరీక్ష పెద్దదేం కాదు. రన్‌వే మీంచి లేచి, కెప్టెన్ విమానానికి ఎడమ పక్కన, రెక్క పక్కన రెక్కలా అంటిపెట్టుకుని ఎగరాలి. అంతే. లేవడం బాగానే లేచింది. దగ్గరికి వెళ్ళింది. స్టిక్ వెన్నలా ఉంది. ఇంత మెత్తటి స్టిక్ ఆవిడ ఎన్నడూ పట్టుకోలేదు. సంతోషపడబోయేంతలో విమానం కుడికి ఒరిగింది. ఎడమకి తెచ్చింది. మళ్ళీ కుడికి. తను ఏమీ చెయ్యడం లేదు, చెయ్యి కదపడం లేదు, అయినా అది కుడికే పోతోంది. "వదినా, దూరం, దూరం" అంటున్నాడు కెప్టెన్. ఆవిడ గాభరాగా స్టిక్ ఇంకా గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత వేగంగా ఒరిగిపోయి, నేరుగా వెళ్ళి కెప్టెన్ రెక్కని గుద్దేసింది. రెండు విమానాలూ నిప్పుముద్దలై కిందపడ్డాయి.

"నన్నే గుద్దేసింది!" అన్నాడు కెప్టెన్, స్పీకర్ పగిలేలా.

బామ్మర్ది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మరిది అడ్డం కూడా పెట్టుకోలేదు, పొట్ట పట్టుకుని నవ్వాడు. మొగుడు మాత్రం నవ్వలేదు, తల పట్టుకుని, "ఇంత మంచి స్టిక్ ఇచ్చినా తిన్నగా నడపలేకపోయావేమే" అన్నాడు. ఆ మాట గుచ్చుకున్నట్టు ఆవిడకి నవ్వులేవీ గుచ్చుకోలేదు.

తర్వాత బామ్మర్ది కూర్చున్నాడు. అతని కోసం అద్దాలు తిప్పారు. మొగుడే తిప్పాడు, "అతిథి కదా" అంటూ. మొదటిసారి రన్‌వే చివర కంచెలోకి వెళ్ళాడు. "పర్లేదు పర్లేదు, అలవాటు లేదు కదా" అన్నాడు కెప్టెన్. రెండోసారి లేచి, బోర్లాపడ్డాడు. "దగ్గరికొచ్చేశావ్, ఇంకోసారి." మూడోసారి ఎలాగో వచ్చి, కెప్టెన్‌కి అల్లంత దూరంలో, తాగినవాడు గోడ పట్టుకుని నడిచినట్టు, మొత్తానికి పడకుండా ఎగిరాడు.

"శెభాష్! ఆదివారం నువ్వే" అన్నాడు కెప్టెన్. "వదినా, ఏమీ అనుకోకండి. ట్యాంకర్‌లో మీకు తిరుగులేదు."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, శుభ్రంగానే ఉన్న గిన్నెలన్నీ మళ్ళీ తోమింది.

మర్నాడు షాపులో అడుగుపెట్టేసరికి ఒక టీచరమ్మ వచ్చి కూర్చుని ఉంది. మొన్ననే కొత్త కళ్ళజోడు తీసుకెళ్ళింది. ఇప్పుడది కౌంటర్ మీద టక్కున పెట్టి, "ఏమమ్మా, ఇవేం అద్దాలు? నేలంతా ఏటవాలుగా కనిపిస్తోంది. మెట్లు దిగుతుంటే పడబోయాను. నా పాతవే నయం" అని తగులుకుంది.

వదినకి అసలే మనసు బాగాలేదు. అయినా నోరు మూసుకుని కొత్త కళ్ళజోడు తీసుకుని, ముక్కు దగ్గర దిండ్లు సరిచూసి, అద్దాలు కొలిచే యంత్రం కింద పెట్టింది. డాక్టర్ గారు రాసింది రాసినట్టే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. టీచరమ్మ పాత జోడు కూడా అడిగి తీసుకుని పెట్టి చూసింది. అందులో అద్దం ఎటు తిరిగి ఉందో చూపించే గీత పక్కకి ఒరిగి ఉంది. ఎక్కడ చేయించుకుందో, ఎవరు చేశారో, అద్దం బిగించేటప్పుడే తిప్పి బిగించేశారు.

లోపల్నుంచి కళ్ళ డాక్టర్ గారు వచ్చి చూసి, చిన్నగా నవ్వాడు. "తప్పు పాతవాటిలో ఉందమ్మా. ఇన్నేళ్ళూ మీ కళ్ళు ఆ తప్పుకి తగ్గట్టు సర్దుకున్నాయి. ఇప్పుడు సరైనవి పెడితే, లేని వంకర కనిపిస్తోంది."

"సరైనవైతే నాకేంటండీ? నాకు కనపడాలి కదా!"

"నిజమే. అందుకని ఒక్కసారిగా మార్చం. ముందు పాత వంకరకి దగ్గరగా అద్దాలు చేయించి, తర్వాత నెమ్మదిగా సరిచేద్దాం" అని కొత్త చీటీ రాసి వదినకి ఇచ్చాడు. "పాపం, టీచరమ్మ తప్పేం ఉంది ఇందులో."

వదిన ఆ చీటీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏదో మెదిలింది గానీ ఏమిటో అందలేదు. టీచరమ్మే, "ఏమ్మా, రాసుకోవా?" అని కదిలించాల్సి వచ్చింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తుంటే ఫోను మోగింది. మరిది గుంపులో వీడియో పెట్టాడు. నిన్నటి ఘనకార్యం. కింద అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు, మొగుడు కూడా ఒకటి పెట్టాడు. మరిది విడిగా ఆవిడకి ఇంకో మాట రాశాడు: "కోపం తెచ్చుకోకు వదినా. కానీ నీ చెయ్యి చూడు, కుడికి వంచేసి పట్టుకున్నావ్. ఎప్పుడూ అలాగే పట్టుకుంటావ్, నీ టేబుల్ దగ్గర కూడా."

నేనా? అనుకుంది. వీడియో మళ్ళీ చూసింది. హెడ్‌సెట్ పెట్టుకున్నాక మనిషికి తన చేతులు తనకి కనపడవు. ఇక్కడ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మణికట్టు కుడికి వంగి, స్టిక్‌ని కుడికి నొక్కి పట్టుకుని ఉంది. తనేమీ కదపడం లేదని ఒట్టేసి చెప్పగలిగిన ఆ క్షణంలో కూడా. అన్నం ముద్ద డబ్బాలోనే వదిలేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొగుడు ఇంకా రాలేదు. చెప్పులు విప్పి, బ్యాగు కూడా దించకుండా, తన టేబుల్ దగ్గర కంప్యూటర్ వేసి, స్టిక్ సరిచూసే పేజీ తెరిచింది. ఒక డబ్బా, అందులో చిన్న ప్లస్ గుర్తు. స్టిక్ ఎటు కదిలిస్తే గుర్తు అటు కదులుతుంది. ముట్టుకోకపోతే మధ్యలో ఉండాలి. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసింది. గుర్తు మధ్యలో లేదు. ఎడమకి జరిగి, అక్కడ తాపీగా కూర్చుని ఉంది.

పేజీలో చెప్పినట్టు సరిచేసింది. మధ్యకొచ్చింది. కాసేపు అటూ ఇటూ తిప్పి వదిలితే మళ్ళీ అక్కడికే పోయింది. ఇంకోసారి చేసింది. మళ్ళీ అంతే. లోపల స్ప్రింగు అరిగిపోయింది, ఇంక అది బాగుపడేది కాదు.

రెండేళ్ళు. విమానమే ఎడమకి ఒరుగుతుందనుకుంది ఆవిడ. పెద్ద విమానం కదా, బరువు కదా, ఒరగదా మరి అనుకుంది. స్టిక్ అంటే ఇలాగే ఉంటుందనుకుంది. ఇంకో స్టిక్ ఎప్పుడు పట్టుకుంది గనక? ఒరిగిపోయే దాన్ని ఒరిగిపోకుండా కుడికి నొక్కి నొక్కి, ఆ నొక్కడం కూడా మర్చిపోయింది. అలాంటి చేతికి తిన్నని స్టిక్ ఇస్తే ఏమవుతుంది? కెప్టెన్ రెక్క విరుగుతుంది.

"నా తప్పు కాదు!" అంది పైకే. ఇంట్లో ఎవరూ లేరు. "నా తప్పు కాదుగా!" అని మళ్ళీ అంది, ఏడుపూ కోపమూ కలగలిసిపోయి. ఇస్త్రీ బల్లని ఒక్క తన్ను తన్నింది. కాలు నొప్పెట్టింది.

తెలిసింది, సరే. తెలిస్తే మాత్రం ఏం లాభం? చేతికి పట్టిన అలవాటు ఆదివారం లోపు వదలమంటే వదులుతుందా? మొగుడి సీట్లో కూర్చుని ప్రయత్నించింది. కావాలని చెయ్యి తిన్నగా పెట్టుకుంటే రన్‌వే మీద బాగానే ఉంది. గాల్లోకి లేచి, ఇంకో విమానం మీద దృష్టి పెట్టగానే చెయ్యి దాని దారిన అది కుడికి వెళ్ళిపోయింది. నాలుగైదుసార్లు అలాగే అయ్యాక హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ స్టిక్ వైపు కొరకొరా చూసింది. ఇంత మంచిదానివి, నాకు పనికిరాకుండా పోయావు కదే.

అప్పుడు డాక్టర్ గారి చీటీ గుర్తొచ్చింది.

మొగుడి కంప్యూటర్లో కూడా సరిచూసే పేజీ తెరిచింది. "స్టిక్ మధ్యలో ఉంచి బటన్ నొక్కండి" అని ఉంది. ఆవిడ మధ్యలో ఉంచలేదు. స్టిక్‌ని కాస్త కుడికి వంచి పట్టుకుని, ఇదే మధ్య అని బటన్ నొక్కింది. చెయ్యి వదిలేస్తే ప్లస్ గుర్తు ఎడమకి జరిగింది. తన టేబుల్ దాకా వెళ్ళి అక్కడి గుర్తు ఎంత జరిగి ఉందో చూసి, వచ్చి, కొంచెం మార్చి, మళ్ళీ వెళ్ళి చూసి, అచ్చు అలాగే వచ్చేదాకా చేసింది. కంప్యూటర్ దానికి పేరు పెట్టమంది. ఏం పెట్టాలో తోచక వదిన అనే పెట్టింది.

హెడ్‌సెట్ అద్దాల మర తన కళ్ళకి తిప్పుకుని, లేచింది. కంప్యూటర్ నడిపే విమానం ఒకటి ముందు పెట్టుకుని, దాని రెక్క పక్కన చేరింది. పైలట్ హెల్మెట్ మీద గీతలు కూడా కనిపించేంత దగ్గరికి వెళ్ళింది. అది తిరిగితే తిరిగింది, దిగితే దిగింది. అంత పెద్ద ఆకాశంలో, ఇంకొకరి కోసం గుండ్రంగా తిరగకుండా, ఎటు కావాలంటే అటు. గట్టిగా నవ్వేసింది.

కెప్టెన్‌కి ఫోన్ చేసింది. "రేపు నాకు ఇంకోసారి పరీక్ష పెట్టండి."

"అయిపోయింది కదా వదినా. ఇప్పుడు మళ్ళీ అంటే మా వాడు ఏమనుకుంటాడు?"

"మీవాడు మూడుసార్లు ఎగిరాడు కెప్టెన్ గారూ. నేను ఒక్కసారి. న్యాయం మీరే అన్నారు కదా. నాకింకా రెండు మిగిలున్నాయి, అందులో ఒకటి చాలు."

అవతల పొడి దగ్గు వినిపించింది. "సరే, రండి."

శనివారం సాయంత్రం మళ్ళీ అందరూ చేరారు. బామ్మర్ది ముఖం మాడ్చుకుని ఉన్నాడు. వదిన కూర్చుని, ఎవర్నీ అడక్కుండా అద్దాల మర తిప్పేసుకుంది. "అయ్యో అయ్యో" అన్నాడు మొగుడు. ఆవిడ వినిపించుకోలేదు. మెనూలోంచి తన పేరు ఎంచుకుని, లేచింది.

కెప్టెన్ ఎడమ రెక్క పక్కన చేరాక, ఇంక కదల్లేదు. కెప్టెన్ ఎడమకి తిరిగాడు, ఉంది. కుడికి తిరిగాడు, ఉంది. చెప్పకుండా ఉన్నట్టుండి కిందకి దూకాడు, అప్పుడూ ఉంది. మరిది ఫోను దించేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.  ఆఖరికి స్పీకర్లోంచి కెప్టెన్ గొంతు వచ్చింది.

"సుడిగాలీ, నిజం చెప్పు. నడుపుతున్నది నువ్వే కదూ?"

గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేనేనండీ" అంది వదిన. "ఇంకా నమ్మకం కుదరకపోతే చెప్పండి, తలకిందులుగా కూడా వస్తా."

ఆవిడ విమానం దించి, హెడ్‌సెట్ తీసి లేచేసరికి మొగుడు ఉత్సాహంగా చేతులు రుద్దుకుంటున్నాడు. "చూశారా, నా స్టిక్ మహత్యం! మొన్న కంగారు పడింది గానీ... జరుగు జరుగు, కెప్టెన్ కిందకి దూకాడే, ఆ మలుపు నేనొకటి తీసి చూపిస్తా."

"ఆగు, అందులో నేను మార్చినవి ఉన్నాయి, తీసేస్తా."

"నా స్టిక్ నాకు తెలీదా" అంటూ కూర్చుని, హెడ్‌సెట్ తగిలించుకుని, అద్దాల మర మళ్ళీ తన కళ్ళకి తిప్పుకుని, థ్రాటిల్ ముందుకి తోశాడు.

విమానం ఇంకా సరిగ్గా లేవకుండానే ఎడమకి ఒరిగి, రన్‌వే పక్కన గడ్డిలోకి దూసుకెళ్ళింది. "ఇదేంటి?" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ గడ్డి. బామ్మర్ది చిన్నగా దగ్గాడు. మూడోసారి రెక్క నేలకి రాసుకుని పేలిపోయింది. ఆయన హెడ్‌సెట్ పీకి అవతల పెట్టాడు.

"ఏం చేశావ్ నా స్టిక్‌ని? ఎడమకి లాగేస్తోంది! ఇలా ఉంటే ఎవడైనా నడపగలడా? పాడు చేసేశావ్!"

"పాడు చెయ్యలేదు" అంది వదిన. "నా టేబుల్ మీదది ఎలా ఉందో, ఇదీ అలా పెట్టుకున్నా. అంతే."

ఆయనకి అర్థం కాలేదు. మరిది లేచి వెళ్ళి ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని, పాత స్టిక్‌తో రన్‌వే మీదకి వెళ్ళి చూశాడు. అతనూ గడ్డిలోకే వెళ్ళాడు. "అన్నయ్యా, ఇది కూడా ఎడమకే" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

స్పీకర్లోంచి కెప్టెన్ అడిగాడు, మామూలుగానే, ఇన్సూరెన్స్ ఆఫీసులో అడిగినట్టు: "ఇంతకీ ఆ పాతది నువ్వెందుకు మార్చావ్ సుడిగాలీ?"

"ఎడమకి లాగేస్తోందని" అన్నాడు మొగుడు వెంటనే.

అన్నాక ఆగిపోయాడు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి దారి లేదు, అందరూ విన్నారు. వదిన ముఖంలోకి చూడబోయి, చూడలేక, పెడల్స్ వైపు చూశాడు.

వదినకి అది తెలీదు. నిన్నంతా ఆలోచించింది గానీ ఈ సంగతి ఆవిడకి తట్టనే లేదు. తన దగ్గరికొచ్చాకే అరిగిందనుకుంది. తెలిసే ఇచ్చాడన్నమాట. తనకి పనికిరాదని పక్కన పెట్టి, నీకు చాలు అని తెచ్చిచ్చి, మొన్న ఇదే సీటు పక్కన నిలబడి ఇంత మంచి స్టిక్ ఇచ్చినా అన్నాడు.  

"రేపు నాలుగో సీటు వదినది" అన్నాడు కెప్టెన్. "బామ్మర్దీ, నువ్వు ట్యాంకర్ చూసుకో." బామ్మర్ది తల ఊపాడు, స్పీకర్‌కి కనిపిస్తుందన్నట్టు.

వదిన వంగి, కారు సీటు ముందు బిగించిన మరలు ఒక్కొక్కటే విప్పింది. కొత్త స్టిక్ వైరు పీకి చుట్టుకుని, తన టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళింది. పాతది తెచ్చి ఆయన మోకాళ్ళ మధ్య బిగించింది. పనివాళ్ళు బిగించినట్టు గట్టిగా, ఒకసారి ఊపి చూసి మరీ. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయనా చెప్పలేదు.

"రేపు పోటీ కదే" అన్నాడు మెల్లగా. "దీంతో నేనెలా ఎగరను?"

"కుడికి నొక్కి పట్టుకో" అంది వదిన. "వదలకు. వదిలితే పడిపోతావ్."

ఆయన స్టిక్ పట్టుకుని, కుడికి నొక్కి, థ్రాటిల్ తోశాడు. ఆవిడ అటు తిరిగి చూడలేదు. తన టేబుల్ దగ్గర కూర్చుని, కొత్త స్టిక్‌ని తన కంప్యూటర్‌కి తగిలించుకుని, కాస్త కుడికి వంచి పట్టుకుని, ఇదే మధ్య అని బటన్ నొక్కుతోంది.